పరువు బరువు ఎవరి భుజాన? – ‘సోఫియా’ సినిమా మన ముందు పెట్టిన ప్రశ్న

పురిటి నొప్పులతో ఒక అమ్మాయి ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చింది. లోపలికి తీసుకునే ముందు అక్కడివాళ్ళు అడిగింది ఒక్కటే: భర్త ఎవరు, కాగితాలు ఏవి? మొరాకో దేశంలో కాసాబ్లాంకా నగరంలో జరిగే ‘సోఫియా’ సినిమా కథంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మన యువతీ యువకులు ఈ సినిమాను తప్పక చూడాలని, చూశాక నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలని మేము కోరుతున్నాము. అలా ఎందుకు కోరుతున్నామో చెప్పడానికే ఈ వ్యాసం.

మొరాకో శిక్షాస్మృతిలో 490వ సెక్షన్ అని ఒకటుంది. పెళ్ళి కాని స్త్రీ పురుషుల మధ్య శారీరక సంబంధం ఆ సెక్షన్ ప్రకారం నేరం. శిక్ష నెల రోజుల నుంచి ఏడాది దాకా జైలు. సినిమా ఆ సెక్షన్‌ను తెర మీద చూపించి మొదలవుతుంది. అంటే కడుపులో ఉన్న బిడ్డే తల్లి మీద సాక్ష్యం. కాన్పు కోసం ఆసుపత్రికి వెళ్ళడమంటే నేరం ఒప్పుకోవడానికి వెళ్ళినట్టే.

ఈ సినిమా తీసినది మెరియెమ్ బెన్‌ఎంబారెక్ అనే మహిళ. 1984లో రాజధాని రబాత్‌లో పుట్టారు. బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో సినిమా చదువు చదివారు. ‘జెన్నా’ వంటి లఘుచిత్రాల తరువాత తీసిన మొదటి పెద్ద సినిమా ఇది. 2018లో కాన్ చిత్రోత్సవంలో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి పొందింది. మన దేశం నుంచి నందితా దాస్ తీసిన ‘మంటో’ కూడా ఆ ఏడాది అదే విభాగంలో ప్రదర్శితమైంది. గంటన్నర కూడా లేని సినిమా. పాటలు, పోరాటాలు, ఉపన్యాసాలు ఏవీ లేవు. ఇళ్ళలో మనుషులు మెల్లగా మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ మాటల్లోనే ఒక సంఘం గుట్టంతా బయటపడుతుంది.

కథ చివరిదాకా చెప్పకుండా దీని మీద అభిప్రాయం చెప్పడం కుదరదు. ముందు సినిమానే చూడాలనుకునేవారు చూసి వచ్చి ఇక్కడినుంచి చదవవచ్చు.

మూడు ఇళ్ళు, మూడు అంతస్తులు

సోఫియాకు ఇరవై ఏళ్ళు. తల్లిదండ్రులతో ఉంటుంది. మరీ పేదవాళ్ళు కారు, అలాగని ఉన్నవాళ్ళూ కారు. ఒక మెట్టు పైకెక్కాలని తహతహలాడే ఇల్లు. పిన్ని లైలా భర్త ఫ్రెంచివాడు. వాళ్ళ కాపురం నగరంలోని సంపన్నుల పేటలో. వాళ్ళ కూతురు లీనా వైద్యవిద్య చదువుతోంది, ఫ్రెంచి గడగడా మాట్లాడుతుంది. అహ్మద్ అనే ధనవంతుడితో కలిసి ఒక వ్యాపారం మొదలుపెట్టే ఆలోచనలో ఈ రెండు కుటుంబాలూ ఉన్నాయి. అది కుదిరితే సోఫియా తల్లిదండ్రుల దశ తిరుగుతుంది.

సినిమా మొదట్లో అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఆ వ్యాపారం గురించే మాట్లాడుకుంటుంటారు. వంటగదిలో సోఫియాకు కడుపునొప్పి. లీనా చెయ్యి వేసి చూసి ఇవి పురిటి నొప్పులని గ్రహిస్తుంది. తాను గర్భవతినన్న సంగతిని సోఫియా తన మనసుకు కూడా చెప్పుకోలేదు. ఏదో సాకు చెప్పి లీనా ఆమెను బయటికి తీసుకువెళుతుంది. తెలిసిన వాళ్ళ ద్వారా ఎలాగో ఒక ఆసుపత్రిలో కాన్పు అవుతుంది. ఆడపిల్ల పుడుతుంది. తండ్రి గుర్తింపు పత్రాలు తెచ్చివ్వడానికి ఇరవై నాలుగు గంటల గడువు ఇస్తారు. అది దాటితే విషయం అధికారుల దాకా వెళుతుంది.

తండ్రి ఎవరని లీనా అడిగితే సోఫియా ఒమర్ అనే కుర్రాడి పేరు చెబుతుంది. డెర్బ్ సుల్తాన్‌లో ఉంటాడంటుంది. డెర్బ్ సుల్తాన్ అంటే కాసాబ్లాంకాలో శ్రామికుల పేట. ఇరుకు సందులు, కిక్కిరిసిన ఇళ్ళు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పసిబిడ్డను ఎత్తుకుని రాత్రివేళ ఆ ఇల్లు వెతుక్కుంటూ పోతారు.

ఇక అక్కడినుంచి పెద్దల రంగప్రవేశం. సోఫియా తల్లిదండ్రులకు పరువు కావాలి. లైలాకు వ్యాపారం చెడకూడదు. ఒమర్ కాదంటే జైలు భయం వాడికీ ఉంది. పైగా వాడి ఇంటికి ఈ సంబంధం ఒక మెట్టు పైకి తీసుకుపోయే నిచ్చెనలా కనిపిస్తుంది. మూడు ఇళ్ళ మధ్య బేరం కుదురుతుంది. పెళ్ళి నిశ్చయమవుతుంది.

ఈ మూడు ఇళ్ళ మధ్య దూరాన్ని దర్శకురాలు భాషతోనూ చూపించారు. మొరాకో 1912 నుంచి 1956 దాకా ఫ్రెంచివారి రక్షిత రాజ్యంగా ఉండేది. వాళ్ళు వెళ్ళి అరవై ఏళ్ళు దాటినా వాళ్ళ భాష గొప్పింటి గుర్తుగా మిగిలిపోయింది. వీధిలో, వంటింట్లో మాట్లాడేది దారిజా అనే మొరాకో అరబీ. ఫ్రెంచి సులువుగా పలికేవాళ్ళు పై అంతస్తు, తడబడేవాళ్ళు మధ్య, దాని అవసరమే పడనివాళ్ళు కింద. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కచేరీలో మరొక భాషతో తరాలుగా బతుకుతున్న మన ప్రవాసాంధ్ర కుటుంబాలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

తీగ లాగితే

సినిమా సగం దాటాక అసలు సంగతి తెలుస్తుంది. బిడ్డ తండ్రి ఒమర్ కాదు. ఆ వ్యాపారంలో భాగస్వామి కాబోతున్న అహ్మదే సోఫియాను బలాత్కరించాడు. ఆ పేరు బయటపెడితే ఏమవుతుందో సోఫియాకు తెలుసు. వ్యాపారం కూలుతుంది. ఇల్లు కూలుతుంది. పెళ్ళి కాని తల్లిగా తాను నేరస్తురాలవుతుంది. అంత డబ్బున్నవాడి మీద తన మాట నిలుస్తుందన్న నమ్మకం లేదు. అందుకని తనకంటే తక్కువవాడి పేరు చెప్పింది. నిజం తెలిసిన తరువాత కూడా పెద్దవాళ్ళు పెళ్ళి ఆగకుండానే చూస్తారు. ఊరేగింపుగా, ఘనంగా పెళ్ళి జరిగిపోతుంది. పెళ్ళికూతురు నవ్వు ముఖంతో ఉంటుంది. ఏ పాపమూ తెలియని పెళ్ళికొడుకు ముఖంలో నెత్తురు చుక్క ఉండదు.

ఈ సినిమాలో మాకు కనబడిన సత్యం ఇది. పరువు అనేది పై నుంచి కిందికి దొర్లే బరువు. ధనవంతుడు చేసిన నేరం బరువు ముందు సోఫియా మీద పడింది. ఆమె దాన్ని మోయలేక తనకంటే కింద ఉన్న ఒమర్ మీదికి తోసింది. ఒమర్‌కు తోయడానికి ఎవరూ లేరు. అన్నిటికంటే కింద ఇంకా కళ్ళు తెరవని ఆ ఆడపిల్ల ఉంది. మొదట ఆ బరువు ఎత్తి పడేసినవాడి తెల్ల చొక్కా మీద మాత్రం మరక లేదు.

బైబిలు చదివే మనకు ఈ కథ కొత్తది కాదు. రెండవ సమూయేలు 11వ అధ్యాయాన్ని ఈ సినిమా చూశాక మరొకసారి తీసి చదవండి. దావీదు చేసిన పాపం ఫలితంగా బత్షెబ గర్భవతి అయినప్పుడు రాజు మొదట చేసిన ప్రయత్నం ఏమిటి? యుద్ధంలో ఉన్న ఊరియాను పిలిపించి ఇంటికి పొమ్మన్నాడు. పుట్టబోయే బిడ్డ ఆ సిపాయి లెక్కలోకి పోవాలని రాజు ఎత్తుగడ. ఊరియా ఇంటికి వెళ్ళలేదు గనుక ప్రాణమే పోయింది. ఒమర్ ఒప్పుకున్నాడు గనుక ప్రాణం మిగిలింది, బతుకు పోయింది. అక్కడ నాతాను వచ్చి రాజు ముఖం మీదే మాట్లాడాడు. కాసాబ్లాంకాలో నాతాను లేడు.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

ఇదంతా కల్పిత కథ కదా అనుకోవచ్చు. మొరాకోలో జరిగిన కొన్ని వాస్తవ సంఘటనలను దీని పక్కన పెట్టి చూద్దాం.

2012 మార్చిలో లరాష్ ప్రాంతానికి చెందిన ఆమినా ఫిలాలి అనే 16 ఏళ్ళ బాలిక ఎలుకల మందు మింగి చనిపోయింది. తనను చెరిచినవాడికే ఆమెను కట్టబెట్టారు. మైనరు బాలికను అపహరించి చెడగొట్టినవాడు ఆమెను పెళ్ళి చేసుకుంటే శిక్ష తప్పించుకునే వీలును శిక్షాస్మృతి 475వ సెక్షన్ ఇచ్చేది. స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. రెండేళ్ళు పోరాడాక 2014 జనవరిలో పార్లమెంటు ఆ వెసులుబాటును తొలగించింది. అయితే 490వ సెక్షన్ అలాగే ఉండిపోయింది.

2019 ఆగస్టు చివర రబాత్‌లో హాజర్ రైసూనీ అనే విలేకరిని ఒక క్లినిక్ బయట అరెస్టు చేశారు. పెళ్ళి కాకుండా సంబంధం, గర్భస్రావం అనే ఆరోపణలు మోపారు. ఆమె వాటిని తోసిపుచ్చారు. ఆమె పనిచేసింది ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికలో. ఏడాది జైలుశిక్ష పడింది. దేశ విదేశాల్లో నిరసన రేగాక అక్టోబరులో రాజు క్షమాభిక్షతో విడుదలయ్యారు. ఆ రోజుల్లోనే రచయిత్రి లైలా స్లిమానీ, సినిమా దర్శకురాలు సోనియా తెర్రాబ్ ముందుండి, ఈ చట్టం దృష్టిలో మేమంతా నేరస్తులమే అని వందలాది మంది చేత బహిరంగ ప్రకటన చేయించారు.

మూడవది టాంజియర్ నగరంలో జరిగింది. అక్కడి కుటుంబ న్యాయస్థానం 2017లో ఒక సాహసం చేసింది. డీఎన్ఏ పరీక్షలో తండ్రి ఎవరో తేలిన ఒక కేసులో, పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డ కోసం ఆ తండ్రి తల్లికి పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. అదే ఏడాది పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2020లో అత్యున్నత న్యాయస్థానం కూడా పై కోర్టు మాటే ఖాయం చేసింది. నెత్తురు సాక్ష్యం చెప్పినా పెళ్ళి కాగితం లేకపోతే తండ్రి తండ్రి కాడు. తల్లి మాత్రం నేరస్తురాలు.

ఈ మూడూ కలిపి చూస్తే చట్టం నీతిని కాపాడుతోందా, అంతస్తును కాపాడుతోందా అన్నది తేలిపోతుంది. డబ్బున్న ఇంట్లో ఇలాంటిది జరిగితే ప్రైవేటు క్లినిక్ ఉంది, విదేశం ఉంది, నోరు మూయించే స్తోమత ఉంది. లేనివాళ్ళకు ప్రభుత్వ ఆసుపత్రి గుమ్మం ఒక్కటే దిక్కు. ఆ గుమ్మం దగ్గరే పోలీసు నిలబడి ఉన్నాడు.

మనవాళ్ళలో కొందరు వెంటనే ఇది ముస్లిం దేశం గనుక ఇలా ఉంది అంటారేమో. అలా అనుకుని చేతులు దులుపుకోవడం తేలిక. క్రైస్తవ దేశమైన ఇటలీలో కూడా బలాత్కరించినవాడు ఆ స్త్రీని పెళ్ళాడితే శిక్ష రద్దయ్యే చట్టం 1981 దాకా ఉంది. దిద్దుబాటు పెళ్ళి అని దానికి ముద్దుపేరు. సిసిలీ ద్వీపంలో ఫ్రాంకా వియోలా అనే అమ్మాయి 1966లో ఆ పెళ్ళి నేను చేసుకోనని కోర్టులో నిలబడింది. ఆమె తండ్రి ఒక రైతు. ఊరు వెలివేసినా కూతురి వెంటే నిలిచాడు. చట్టం మారడానికి ఆ తరువాత ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. చర్చి గంటలు మోగే ఊళ్ళోనూ, అజాన్ వినబడే ఊళ్ళోనూ పరువు లెక్క ఒక్కటే. ‘సోఫియా’లో మతం మాట వినిపించేది చాలా తక్కువ. డబ్బు మాటే ఎక్కువ.

మన గుమ్మంలో

మరి మన దేశం? పెళ్ళి కాని వయోజనుల సంబంధం మన దేశంలో నేరం కాదు. కానీ తండ్రి పేరు ఏది అనే ప్రశ్న మన కచేరీల్లోనూ ఉంది. ఆ ప్రశ్నకు ఎదురు నిలిచినవారిలో ఒక క్రైస్తవ సోదరి ఉన్న సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియదు. ఆమె అవివాహిత తల్లి, చదువుకుని ఉద్యోగం చేసుకుంటున్న స్త్రీ. తన బిడ్డకు తానే సంరక్షకురాలినని ప్రకటించమని కోర్టుకు వెళితే, ముందు తండ్రి పేరు చెప్పు, అతనికి నోటీసు పంపాలి అన్నారు. ఆమె చెప్పనన్నారు. కింది కోర్టు, హైకోర్టు కాదన్నాక సుప్రీంకోర్టు 2015 జూలై 6న ఆమె పక్షాన తీర్పు చెప్పింది. తండ్రి పేరు చెప్పమని బలవంతం చేయకూడదంది. అవివాహిత తల్లి ప్రమాణపత్రం ఇస్తే చాలు, బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలని కూడా ఆదేశించింది. కోర్టు రికార్డుల్లో ఆ తల్లి పేరు లేదు, మూడు అక్షరాలు మాత్రమే ఉన్నాయి. ఆ మూడక్షరాలు ఎంతోమంది తల్లులకు దారి చూపాయి.

అంతకు అయిదు రోజుల ముందే, జూలై 1న, అదే సుప్రీంకోర్టు మరొక కేసులో అత్యాచారం విషయంలో పెళ్ళి పేరుతో గాని మరో రకంగా గాని రాజీ అనే ఆలోచనకే తావులేదని స్పష్టంగా చెప్పింది. ఈ రెండు తీర్పులూ మన సంఘపెద్దలకు, పాస్టర్లకు, యూత్ లీడర్లకు కంఠతా రావాలి. ఎందుకంటే ఇలాంటి కష్టం వచ్చినప్పుడు మన కుటుంబాలు పోలీసు స్టేషనుకంటే ముందు వచ్చేది సంఘానికి. అక్కడ కూర్చున్నవాళ్ళ నోట మొదట వచ్చే మాట “గుట్టుగా పెళ్ళి చేసేద్దాం” అయితే, లైలా ఇంటికీ మన మందిరానికీ తేడా లేనట్టే.

ఈ సినిమా మీద ఒక అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయడం మాకు ఇష్టం లేదు. బలాత్కారానికి గురైన స్త్రీ ఒక అమాయకుడి పేరు చెప్పినట్టు చూపిస్తే, ఆడవాళ్ళు అబద్ధపు కేసులు పెడతారు అనేవాళ్ళ చేతికి ఆయుధం ఇచ్చినట్టు కాదా? ఇది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ అబద్ధం పుట్టింది ఎక్కడో చూడండి. నిజం చెబితే జైలు, అబద్ధం చెబితే ఊరేగింపు. ఇరవై ఏళ్ళ పిల్ల ముందు చట్టమూ కుటుంబమూ కలిసి పెట్టిన రెండే దారులవి. బాధితురాలు పాలకంటే తెల్లగా ఉంటేనే న్యాయం చేస్తామనే మన అలవాటును ఈ సినిమా ప్రశ్నిస్తుంది. సోఫియా చేసింది తప్పే. ఆమెకు జరిగింది అన్యాయమే. మొదటి వాక్యం రెండవదాన్ని చెరిపివేయలేదు.

సామాజిక న్యాయం కోసం పనిచేసే మనలాంటివాళ్ళు సోఫియా కంటే లీనాను ఎక్కువ జాగ్రత్తగా చూడాలని మా అభిప్రాయం. లీనా మంచిది. చదువుకున్నది. అన్యాయాన్ని సహించలేదు. నిజం బయటపెట్టాల్సిందే అంటుంది. కానీ ఆ నిజం ఖరీదు కట్టవలసింది సోఫియా, లీనా కాదు. నిజం చెప్పిన మర్నాడు సోఫియా ఎక్కడ పడుకుంటుంది, బిడ్డకు పాలడబ్బా ఎవరు కొంటారు, కోర్టు ఖర్చు ఎవరు పెడతారు అన్న ప్రశ్నలకు లీనా దగ్గర జవాబు లేదు. ఎత్తైన ఇంట్లో నుంచి ధైర్యంగా ఉండమని చెప్పడం సులభం. కింద నిలబడి ఆ ధైర్యానికి అన్నం పెట్టడం కష్టం.

ఆ కష్టమైన పని చేసిన మనిషి అదే కాసాబ్లాంకాలో ఉండేవారు. ఆమె పేరు ఐషా షెన్నా. ముస్లిం స్త్రీ. ఆరోగ్య, సాంఘిక సంక్షేమ రంగాల్లో పనిచేస్తూ, పెళ్ళి కాని తల్లుల దుఃఖం కళ్ళారా చూశారు. 1985లో ‘సాలిడారిటే ఫెమినిన్’ అనే సంస్థను స్థాపించారు. బిడ్డతో వీధిన పడ్డ తల్లులకు అక్కడ వంట, మిఠాయిల తయారీ వంటి పనులు నేర్పారు. వాళ్ళే నడిపే భోజనశాల పెట్టారు. వాళ్ళు పనిలో ఉన్నప్పుడు పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేశారు. ఆ స్త్రీల చేతి భోజనం తినడానికి ఊరి జనమే వరుస కట్టారు. బెదిరింపులు, నిందలు చాలా వచ్చాయి. మానలేదు. 2009లో అమెరికాకు చెందిన ఓపస్ బహుమతి, పది లక్షల డాలర్లు, ఆమెకు లభించింది. 2022లో కన్నుమూశారు. నిజం చెప్పమని ఆడపిల్లను అడిగే ముందు, చెప్పాక నిలబడటానికి ఆమెకు చోటు ఉండాలని ఆ తల్లికి తెలుసు.

మన సంఘాల్లో అలాంటి చోటు ఉందా? ఈ ప్రశ్నను మేము యువత ముందు పెడుతున్నాము. బెంగళూరులో గాని, చెన్నైలో గాని, ముంబయిలో గాని, బరంపురంలో గాని, యానాంలో గాని, మీ సంఘంలో ఒక అమ్మాయికి సోఫియా పరిస్థితి వస్తే ఆ రాత్రి ఎవరింటి తలుపు తట్టగలదు? పాస్టరుగారి భార్యా? యూత్ లీడరా? తలుపు తీసినవాళ్ళు ముందు అడిగేది తండ్రి ఎవరనా, అన్నం తిన్నావా అనా? నాలుగు పేర్లు రాసుకోండి. ఒక వకీలు, ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక ఇల్లు. ఇంతమాత్రం ఏర్పాటుకు పెద్ద నిధులు అవసరం లేదు. ఈ కబుర్లు ఊరంతా పాకకుండా నోరు కట్టుకోగల నలుగురు మనుషులు చాలు.

అలాగే ఒమర్‌ను మరచిపోవద్దు. బేరం జరిగే గదిలో వాడి మాటకు విలువ లేదు, ఎందుకంటే వాడు డెర్బ్ సుల్తాన్‌వాడు. సంఘంలో ఏ రాజీ జరిగినా ఈ గదిలో ఎవరు లేరు, ఎవరి తరపున మనం మాట్లాడేస్తున్నాం అని ఒకరు లేచి అడగాలి. అలా అడిగేవాడు అందరికీ చేదవుతాడు. నాతాను పని ఎప్పుడూ తీపిగా లేదు.

మొరాకోలో 490వ సెక్షన్ మీద పోరాటం చేసే స్త్రీలకు మన సంఘీభావం తెలుపుదాం. వాళ్ళు మన మతంవాళ్ళు కాకపోవచ్చు, మన భాషవాళ్ళు కాకపోవచ్చు. ఆసుపత్రి గుమ్మం దగ్గర నొప్పులు పడుతున్న ఆడపిల్లకు ఏ భాషలోనైనా ముందు కావలసింది ఒక మంచం. కాగితాలు తెల్లవారాక చూసుకోవచ్చు.